గోడకు పట్టిన కుష్టు

వనజమ్మను వరండాలో కూర్చోబెట్టింది మీరే. పక్కవాడి వైపు చూడొద్దు, మీరే. ప్రొద్దుటూరు బైపాసులో సిలువకు సీరియల్ బల్బులు చుట్టి దానికి మందిరమని పేరు పెట్టిన సంఘ పెద్దలు మీరే. నలభై ఏండ్ల కిందట నయమైన జబ్బును మైకులో మళ్ళీ ఆమెకు అంటించిన అయ్యగార్లు మీరే. ఆమె చాప చుట్టుకొని బయటికి పోతూంటే గట్టిగా కండ్లు మూసుకొని ప్రార్థన చేసిన విశ్వాసులు మీరే. కండ్లు మూసుకుంటే ఏదీ కనపడదు గదా, సుఖం. మీ అందరికంటే ముందు ఈ పాపానికి పునాది వేసినవాడు ఇంకొకడున్నాడు. చీమను తొక్కితే క్షమాపణ అడిగే రకం. లావు కళ్ళద్దాలు, ఇస్త్రీ లేని తెల్లచొక్కా. పేరు ఓబద్యా. రెండు వందల పద్నాలుగో పుట రాసింది ఆయనే.

ఓబద్యా తాత పేరు ఓబులేసు. జమ్మలమడుగు పక్క పల్లెలో దొర బాప్తిస్మమిచ్చిన రోజున పేర్లు రాసుకునే గుమాస్తా ‘ఓబులేసు’ను కొట్టేసి ‘ఓబద్యా’ అని రాశాడు. మొదటి అక్షరం కలిసింది, అది చాలనుకున్నాడు. తాత చచ్చేదాకా ఓబులేసుగానే బతికాడు. వాడకుండా మిగిలిన ఆ కొత్త పేరు పెట్టెలో దాచిన పంచెలాగా మనవడికి పనికొచ్చింది.

మనవడు చదివింది మిషన్ బడిలో. తండ్రి అదే బడిలో గంట కొట్టేవాడు. వెళ్ళిపోయిన దొరలు స్టోర్‌రూములో వదిలేసిన పుస్తకాల్లో ఓబద్యాకు హీబ్రూ వ్యాకరణం ఒకటి దొరికింది. సగం చెదలు తిన్నాయి, మిగతా సగం ఓబద్యా తిన్నాడు. అందుకే చాలా కాలం ఆయనకు హీబ్రూ క్రియలు సగమే వచ్చు. మోషే ఎవరినైనా కొడితే అర్థమయ్యేది, మోషేనే ఎవరైనా కొడితే అర్థమయ్యేది కాదు. తర్వాత బెంగళూరులో డిగ్రీ తీసుకొని, ప్రొద్దుటూరులో ఒక చిన్న బైబిలు కాలేజీలో చేరాడు. ముప్పై ఒక్క ఏండ్లుగా అదే కాలేజీ, అదే నల్లబల్ల, అదే గొంతు.

ఆయన నమ్మిక ఒక్కటే. దేవుని మాటలో తప్పు లేదు. అక్షరంలో లేదు, అక్షరం కింద చుక్కలోనూ లేదు. ‘ఆ కాలానికి అట్లా రాశారు’ అనే పండితులను చూస్తే, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవాడు. తెలుగు వాక్యం చదివేటప్పుడు విద్యార్థి ఒక పొల్లు మింగితే అధ్యాయం మళ్ళీ మొదటినుంచి చదివించేవాడు. ఒకసారి పులివెందుల ప్రార్థన కూటాల్లో, యోనాను మింగింది తిమింగలమా చేపా అనే ముక్క మీద మూడు గంటలు మాట్లాడాడు. చేపేనని తేలేసరికి సగం మంది నిద్రపోయారు, సగం మంది బస్టాండులో ఉన్నారు.

“యోనా మూడు దినాలకు బయటపడినాడు, మనం ఎప్పుడు పడేది మామా?” అని వెనక వరుసలో ఒక ఆటో డ్రైవరు పక్కాయన్ను అడిగాడు.

భార్య సువార్తమ్మ మాత్రం అంతసేపు ఆగే మనిషి కాదు. “ఈ మనిషికి నోవహు ఓడ ఎన్ని మూరలో తెలుసు. ఇంట్లో గ్యాసు ఎప్పుడు అయిపోయిందో తెలీదు” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

నవ్వుకోండి. కానీ ఈ జిల్లాలో సగం పల్లెల పాస్టర్లు ఆయన శిష్యులే. జనానికి అక్షరమంటే దడ పుట్టించింది ఆయనే.

ముప్పై ఏండ్ల వయసులో ఆయన బైబిల్లోని లేవీయకాండానికి వ్యాఖ్యానం రాశాడు. ఒంటి మీద పొడలు, పవిత్రం, అపవిత్రం ఉండే పదమూడో అధ్యాయం కాడికి వచ్చేసరికి ఎండాకాలం, కరెంటు లేదు, ప్రెస్సువాడు తొందరపెడుతున్నాడు. ఒక ఇంగ్లీషు పుస్తకంలోని రెండు వాక్యాలు తెలుగు చేసి పడేశాడు: ‘కుష్ఠరోగులు సంఘమునకు వెలుపల నుండుట దైవనియమము. ఈ నియమము నేటికిని వర్తించును.’ అరగంట పని. ఆ అరగంటలో కుష్టు వచ్చిన మనిషిని ఒక్కరినీ ఆయన అడగలేదు. అడగాలంటే వీధి దాటితే చాలు. అవతల వనజమ్మ ఉండేది.

వనజమ్మది ఓబద్యా పల్లే, వరసకు మేనత్త. పెండ్లయిన మూడో ఏట ఒంటి మీద పొడ లేచింది. మొగుడు వదిలేశాడు. మిషన్ ఆస్పత్రిలో రెండేండ్లు మాత్రలు మింగింది, నయమైందని చీటీ తెచ్చుకుంది. వేళ్ళు మాత్రం ముడుచుకుపోయి మళ్ళీ సాగలేదు. ప్రొద్దుటూరు చేరి, ఆ చేతులతోనే అక్కడి పాత మందిరాన్ని ముప్పై ఏండ్లు ఊడ్చింది. ముందు వరుసలో, ఎడమ పక్క, గోడకానుకొని చాప వేసుకునేది. ప్రభురాత్రి సంస్కారం నాడు అందరూ తాగే ద్రాక్షరసం గిన్నెను రెండు అరచేతుల మధ్య పెట్టుకొని తాగేది. ఎవరికీ ఏ జబ్బూ రాలేదు.

తర్వాత నాగేంద్ర జోయెల్ వచ్చాడు. ఈయన కూడా ఓబద్యా శిష్యుడే. హీబ్రూ పరీక్షలో రెండుసార్లు తప్పి, ఎర్రగుంట్లలో సిమెంటు డీలరుగా పాసై, కొరియరులో డాక్టరేటు తెప్పించుకొని సంఘానికి, కాలేజీకి చైర్మన్ అయ్యాడు. పాత పెంకుల మందిరం పడగొట్టి బైపాసులో కొత్తది కట్టాడు. ఏసీలు, రంగు లైట్లు, నాలుగు కెమెరాలు. ఆదివారం ఆరాధన ఫోన్లలో లైవు. ఆ లైవు చూసిన పులివెందుల పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి, ముందు వరుసలో ఒక ముసలామె చేతులు కనపడుతున్నాయి, ప్రార్థన మీద మనసు నిలవడం లేదు అన్నాడు. మనసు నిలవనిది ఆయనకు. లేవాల్సింది ఆమె.

“ప్రియులారా, ఈ మాట నేను చెప్తే మీకు కోపమొస్తాది” అన్నాడు నాగేంద్ర ఆ ఆదివారం, ప్రసంగపీఠం మీదనుంచి పాత అట్ట పుస్తకం ఒకటి పైకెత్తి. “అందుకే నేను చెప్పను. మన ఓబద్యా సారు చెప్తాడు. పుట రెండు వందల పద్నాలుగు.”

రెండు వాక్యాలూ చదివాడు. ఇకనుంచి వనజమ్మ వరండాలో కూర్చుంటుందని, రొట్టె, రసం వేరే స్టీలు పళ్ళెంలో అక్కడికే వస్తాయని, ఇది శిక్ష కాదు ప్రేమ అని చెప్పి అందరినీ కండ్లు మూసుకొమ్మన్నాడు.

ముందు వరుసలో కూర్చున్న ఓబద్యాకు ఒక అరనిమిషం గర్వం కలిగింది. అచ్చయిన ఇన్నేండ్లకు మొదటిసారి ఒకడు తన పుస్తకాన్ని పుట నంబరుతో సహా చదివాడు. పొల్లు మింగకుండా చదివాడే అని కూడా అనుకున్నాడు. అంతలో ఎడమ పక్కనుంచి చాప చుట్టే చప్పుడు వినిపించింది. వేళ్ళు సాగని చేతులతో చాప చుట్టడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ మూడు వందల మంది కండ్లు మూసుకొనే ఉన్నారు. తెరిచి చూసింది ఓబద్యా ఒక్కడే. చూసి ఏం చేశాడు? ఏమీ చేయలేదు.

ప్రతి గురువారం సాయంత్రం వనజమ్మ ఓబద్యా ఇంటికి వచ్చేది. ఆమెకు చదువు రాదు, ఆయన చదివితే వినేది. ఆ గురువారం రాదనుకున్నాడు. వచ్చింది. వంటగది గుమ్మం కాడ కూర్చుంది.

“ఏం ఓబయ్యా, నా సంగతి పుస్తకంలో రాసినావంట. రోంత చదువు, వింటా.”

“ఆ పుస్తకం వద్దులే అత్తా.”

“అట్లయితే దేవుడు రాసిందే చదువు. నువ్వు దాంట్లోనుంచే తీసినావు గదా.”

పదమూడో అధ్యాయం చదివాడు. యాజకుడు పొడను చూడాలని, దాంట్లో వెంట్రుకలు తెల్లబడితే ఆ మనిషి అపవిత్రుడని వచ్చిన చోట వనజమ్మ చెయ్యెత్తి ఆపింది.

“నాకు తెల్లబడల్యా. ఉన్నెంట్రుకలు ఊడిపాయె గానీ తెల్లబడల్యా. మరి సూది యాడ?”

“సూది ఏంది అత్తా?”

“డాక్టరు సూది తీసుకొని పొడ మింద గుచ్చినాడు. నాకు తెలీల్యా. తెలీకపోతేనే కుష్టు. అదే గురుతు. మీ మోషే కాలంలో ఆ యాజకుడు సూది గుచ్చి చూడలేదా?”

ఓబద్యా అధ్యాయమంతా పైకీ కిందికీ చూశాడు. ఆయనకు కంఠతా వచ్చిన అధ్యాయమే. సూది లేదు. తిమ్మిరి లేదు. మొద్దుబారడం లేదు. “లేదు” అన్నాడు.

“అయితే ఆ యాజకుడు చూసింది వేరే జబ్బులేప్పా. చదువు.”

పొడ ఒళ్ళంతా కమ్మి, మనిషి నిలువునా తెల్లబడితే అతను పవిత్రుడని వచ్చింది. వనజమ్మ పడీపడీ నవ్వింది. “రోంత వస్తే ఊరి బయటికి, ఒళ్ళంతా వస్తే ఇంట్లోకి! నాది అరచేయంత మచ్చ. సరిగ్గా రాకపోవడమే తప్పయిపాయె!” తర్వాత బట్టకు వచ్చే కుష్టు చదివాడు. తర్వాత పద్నాలుగో అధ్యాయంలో ఇంటి గోడకు వచ్చేది చదివాడు.

“గోడకా?”

“ఊఁ.”

“గోడకు ఏ ఆస్పత్రిలో మందిస్తారు ఓబయ్యా?”

సువార్తమ్మ కూడా నవ్వుతూ కాఫీ తెచ్చింది. ఓబద్యా నవ్వలేదు. వనజమ్మ చేతుల మధ్య ఉన్న గ్లాసును చూస్తున్నాడు. అంచు సొట్టపోయిన గ్లాసు. ఎప్పుడూ వంటగది కిటికీలో విడిగా బోర్లించి ఉండేది అదే. ఎన్నేండ్లుగా చూస్తున్నాడో, ఆ రోజే కనపడింది.

“పద్నాలుగో అధ్యాయం మొదట్లో ఏముండాది? దాటేసి గోడ కాడికి పోయినావే?”

“నయమైనవాళ్ళ సంగతి” అన్నాడు మెల్లగా. “యాజకుడు పోయి చూసి, నయమైతే మళ్ళా లోపలికి తీసుకురావాల.”

“దేవుడు రాసినాడా ఆ మాట?”

“రాసినాడు.”

“మరి నువ్వు యాల రాయల్యా?”

కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి, కిటికీలో బోర్లించి పోయింది. ఆమె పోయిన తర్వాత ఓబద్యా పెండ్లాన్ని అడిగాడు, ఆ గ్లాసు వేరుగా ఎందుకు పెడుతున్నావని.

“నువ్వు రాసినావు గదా” అంది సువార్తమ్మ. “నేను చదవనని అనుకుంటాండావా నీ పుస్తకం?”

ఓబద్యా బీరువా తెరవలేదు, నిఘంటువులు తీయలేదు. అవసరం లేదు. ఆయనకు తెలుసు. చెదలు తినని మంచి నిఘంటువు చేతికొచ్చిన ఏడాదే తెలుసు. మూలంలో ఉన్న మాట త్సారాఅత్. ఒంటికి పట్టే ఏదో పొడ, బట్టకు పట్టే బూజు, గోడకు పట్టే మచ్చ, అన్నిటికీ అదే పేరు. వనజమ్మకు వచ్చిన జబ్బు అది కాదు. తెలిసీ పాతికేండ్లు నోరు మూసుకున్నాడు. ‘ఓబద్యా మాట మార్చాడు’ అని ఆధునిక పండితులు నవ్వుతారని. అంతే కారణం. వాళ్ళు ఎప్పుడూ ఈయన పుస్తకం చదివింది లేదు, నవ్వేది లేదు.

సోమవారం పొద్దున్నే చైర్మన్ గదికి పోయాడు.

“అయ్యగారూ, ఆ రెండు వందల పద్నాలుగో పుట తప్పు. మూలంలో ఉండేది కుష్టు కాదు. త్సారాఅత్.”

“సారాయా?” అన్నాడు నాగేంద్ర.

“త్సా... రా... అత్.”

“సారూ, బైబిల్లో కుష్టు అని అచ్చేసి ఉండాదా, ల్యాదా?”

“తెలుగులో ఉండాది. మూలంలో...”

“మూలం గీలం నాకొద్దు. ఒక్క పొల్లు మారదని మమ్మల్ని గుంజిళ్ళు తీయించింది నువ్వే గదా? నా మోకాళ్ళు ఇప్పటికీ నొస్తాండాయి.”

“సరే, కుష్టనే అనుకో. నయమైనవాళ్ళను లోపలికి తీసుకొమ్మని పద్నాలుగులో ఉండాది. ఆమె కాడ ఆస్పత్రి చీటీ ఉండాది.”

“చీటీ కాదు సారూ, యాజకుడు చూసి చెప్పాల. ఈడ యాజకుడు ఎవరు? నేను. నేను పవిత్రం అంటే పవిత్రం. నేను అనను.” కుర్చీలో వెనక్కి వాలాడు. “వచ్చే ఆదివారం నువ్వే పీఠమెక్కి ఆ పుట నిజమని చెప్పు. జనం గుసగుసలాడతాండారు. చెప్తే ప్రిన్సిపాలు కుర్చీ నీది. చెప్పకపోతే కాలేజీలో నీకు కుర్చీనే లేదు.”

సాయంత్రానికల్లా ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ దాకా మాట పాకింది. సువార్తమ్మ సంచీ కింద పెట్టకముందే మొదలుపెట్టింది. “యాడికి పోయినా ఇదే! బైబిల్లో కుష్టు కొట్టేసి సారాయి అని రాయమంటాండాడంట మీ సారు అని అడుగుతాండారు. పూలమ్మే ఆమె కూడా! తాగుడు ఎప్పుడు నేర్చినాడక్కా అంటాది!”

మూడు దినాలు ఓబద్యా సరిగా అన్నం తినలేదు. నాలుగో నాడు ఏదో పనుండి కొత్త మందిరంలోకి పోయాడు. ప్రసంగపీఠం వెనక గోడ నిండా నాగేంద్ర మొహం అచ్చేసిన ఫ్లెక్సీ. దాని అంచు ఊడి వేలాడుతోంది. వెనక ఏముందా అని ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆదివారం పీఠమెక్కాడు. నాలుగు కెమెరాలూ తిరిగాయి. వనజమ్మ వరండాలో, తలుపు పక్కన చాప మీద ఉంది.

“పదమూడో అధ్యాయాన్ని అయ్యగారు అక్షరాలా పాటించినారు” అని మొదలుపెట్టాడు. నాగేంద్ర తృప్తిగా తలూపాడు. “మంచిది. వాక్యాన్ని సగం పాటించడం పాపం. పద్నాలుగు కూడా పాటిద్దాం.”

గోడకు కుష్టు వస్తే ఏం చేయాలో చదివాడు. ఆకుపచ్చగానో ఎర్రగానో చారలు, గోడ మట్టంకంటే పల్లంగా. అప్పుడు యాజకుడు వచ్చి చూడాలి. ఇల్లు ఏడు దినాలు మూసేయాలి. ఆ ఏడు దినాల్లో లోపలికి పోయినవాడు సాయంకాలం దాకా అపవిత్రుడు. చదవడం అయిపోయాక వెనక్కి తిరిగి ఫ్లెక్సీ పట్టి గుంజాడు. నాగేంద్ర మొహం నడిమికి చిరిగి కింద పడింది.

గోడంతా పొడలు. పాచి పచ్చన, ఇటుక ఎరుపు. గార ఊడి పల్లమైపోయిన మచ్చలు, జంపఖానా అంత వెడల్పు. ఎర్రగుంట్ల సిమెంటు డీలరు కట్టించిన గోడ.

“అయ్యగారూ, యాజకుడివి నువ్వే. నువ్వే అన్నావు. వచ్చి చూడు.”

ముందు వరుసలో ఒక ముసలాయన తన చొక్కా దులుపుకున్నాడు. అంతే. ఇక మీకు తెలుసు. ముప్పై ఒక్క ఏండ్లు పొల్లు పొల్లుకూ భయపెట్టి పెంచిన జనం. ఒక్కసారిగా లేచారు.

“యాజకుడు చూడకముందే సామాన్లు బయటికి తీయాలంట, ఆ వాక్యం కూడా ఉండాది!” అని ఎవరో అరిచారు. కీబోర్డు, డ్రమ్ములు, స్పీకర్లు, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ బయటికొచ్చాయి. కెమెరావాడు కెమెరా పీక్కొని పరిగెత్తాడు. లైవులో పులివెందుల పెద్దమనిషికి ఆకాశం, ఒక సిలువ ముక్క, ఎవరివో చెప్పులు కనపడ్డాయి.

“అన్నం సంగతేంది సారూ? వెనక షెడ్డులో పప్పు పొయ్యి మింద ఉండాది!” అని వంటామె అడిగింది.

“షెడ్డుకు గోడ వేరే గదా, తినొచ్చు” అన్నాడు ఓబద్యా. ఆ మాట పూర్తి సీరియస్‌గానే అన్నాడు. వాక్యం విషయంలో ఆయనకు తమాషా చేతకాదు.

మూడు వందల మంది వరండాలో ఇరుక్కున్నారు. వనజమ్మ తన చాప రోంత పక్కకు జరిపింది. “రండమ్మా రండి. ఈడ గాలి బాగుండాది. నేను ముందే వచ్చినా” అంది.

జనం చూస్తున్నారు. నాగేంద్ర గోడ కాడికి పోయి చూసినట్టు చూసి, చెమట తుడుచుకొని, ఏడు దినాలు మూసేస్తున్నానని చెప్పాడు. చెప్పకపోతే ఆ జనం ఆయన మాట మళ్ళీ వినరు.

ఏడో దినం కమాల్ బాషా అనే మేస్త్రీని పిలిపించాడు. నలుగురు పెద్దలు, ఓబద్యా అక్కడే ఉన్నారు. మచ్చలు ఇంకా జానెడు పాకాయి. వాక్యం ప్రకారం ఇప్పుడు రాళ్ళు ఊడదీసి, గారంతా గీకి, ఊరి బయట పారేయాలి. మళ్ళీ వస్తే ఇల్లు మొత్తం పడగొట్టాలి. ఓబద్యా ఆ భాగం గట్టిగా చదివాడు. కమాల్ బాషా గోడకు చెయ్యి ఆనించి, వేలు వాసన చూసి, పైకి చూశాడు.

“ఏందయ్యా కుష్టు గిష్టు అంటాండారు? చెమ్మ. పైన నీళ్ళ ట్యాంకు లీకైతాంది. పైపు మార్చి, ఉప్పు లేచిన కాడికి గీకి మళ్ళా పూస్తే రెండు రోజుల పని. దీనికి పడగొట్టేదేంది, మతి ఉండాదా?”

“విన్నావా సారూ!” నాగేంద్ర గొంతులో ప్రాణం తిరిగొచ్చింది. “ఇది కుష్టు కాదు!”

“వాక్యంలో కుష్టనే అచ్చేసి ఉండాది గదా అయ్యగారూ.”

“అచ్చులో ఉంటే? ఇది ఆ కుష్టు కాదు! మేస్త్రీ చెప్తాండాడు గదా, గోడ సంగతి తెలిసినోడు!”

“వనజమ్మ సంగతి తెలిసిన డాక్టరు నలభై ఏండ్ల కిందటే చెప్పినాడు. ఇప్పుడు నువ్వన్న మాటే మైకులో ఆమెకు కూడా చెప్పు. ఇది ఆ కుష్టు కాదు అని. నాలుగు మాటలు.”

నాగేంద్ర పెద్దల వైపు చూశాడు. పెద్దలు ట్యాంకు వైపు చూశారు.

“ఓ సారూ” అన్నాడు కమాల్ బాషా, “గోడకు రెండు రోజులు చాలు. మనుషుల పని నేను పట్టను.”

తర్వాతి ఆదివారం ఏం జరిగిందో మీకు తెలుసు, మీరు చప్పట్లు కొట్టారు. కొత్త గార, కొత్త రంగు, కొత్త ఫ్లెక్సీ. ‘దేవుడు మన గోడను స్వస్థపరిచినాడు’ అని నాగేంద్ర సాక్ష్యం చెప్పాడు. గోడకు సాక్ష్యం! హల్లెలూయా అన్నారు. వనజమ్మకు స్టీలు పళ్ళెం వరండాలోకే పోయింది. సోమవారం ఓబద్యాకు కాగితం వచ్చింది. ఆధునిక భావాలు ప్రబలినందున కాలేజీ సేవలనుంచి తప్పిస్తున్నామని. ఆధునికుడని! యోనాను మింగింది చేపేనని మూడు గంటలు కొట్లాడిన మనిషిని.

ఓబద్యా మంచం కింద అమ్ముడుపోకుండా మిగిలిన తన పుస్తకాల కట్టలు విప్పి, బ్లేడుతో ఒక్కొక్కదాంట్లోనుంచీ రెండు వందల పద్నాలుగో పుట కోశాడు. తర్వాత బస్సులెక్కాడు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, చాపాడు, పులివెందుల. శిష్యుల ఇండ్లకు పోయి, నా పుస్తకం తే, బ్లేడు తే అన్నాడు. కొందరు ఇచ్చారు. కొందరు పుస్తకం చెదలు తినిందన్నారు, నిజంగానే తినింది. పులివెందుల శిష్యుడొకడు మాత్రం పుస్తకాన్ని గుండెకు అదుముకున్నాడు.

“సారూ, ఒక్క పొల్లు కూడా తీయగూడదని నువ్వే గదా చెప్పినావు?”

“అది దేవుడు రాసిందాన్ని గురించి చెప్పినానురా. ఇది నేను రాసింది. కరెంటు లేనప్పుడు.”

“ఏమో సారూ. మాకు రెండూ ఒకే బీరువాలో ఉంటాయి.”

ఆ మాట ఆయనకు బస్సులో ప్రొద్దుటూరు దాకా గుచ్చుకుంటూనే వచ్చింది.

ఆ ఆదివారం ఓబద్యా లోపలికి పోలేదు. వరండాలో వనజమ్మ పక్కన కూర్చున్నాడు. ఇంటినుంచి సొట్ట గ్లాసు సంచిలో వేసుకొచ్చాడు, ఆ ఉదయం కాఫీ దాంట్లోనే తాగాడు, ఆ సంగతి ఆమెకు చెప్పాడు. త్యాగం చేశానన్న తృప్తి ఆయన మొహంలో కొంచెం ఉంది. వనజమ్మ చూసింది.

“ఓబయ్యా, నువ్వు ఈడ కూచుంటే నాకేం లాభం?”

“నీకు తోడు అత్తా.”

“తోడు నేనడిగినానా? అప్పుడు ఒక్కదాన్ని ఎండలో ఉంటి. ఇప్పుడు ఇద్దరం ఎండలో ఉంటాం. నా చోటు లోపల, ఎడమ పక్క, గోడ కాడ. బయటికి పంపిచ్చింది నీ రాత. నువ్వే లోపలికి తీసుకపో.”

ఓబద్యా లేచాడు. చాప చుట్టాడు. ఆయన వేళ్ళు సాగుతాయి, తొందరగానే అయింది. చాప చంకలో పెట్టుకొని తలుపు తోసుకొని లోపలికి నడిచాడు. వెనక వనజమ్మ. లోపల సంస్కారం ముందు ప్రార్థన. వాళ్ళను చూడగానే నాగేంద్ర గొంతు పెంచాడు. “అందరూ కండ్లు మూసుకోండి! గట్టిగా మూసుకోండి ప్రియులారా!”

మూడు వందల మంది మూసుకున్నారు.

ముందు వరుసలో, ఎడమ పక్క, ఆ పాత చోట్లో ఇప్పుడు పట్టుచీరలవాళ్ళు కూర్చున్న కుర్చీలు నాలుగు ఉన్నాయి. ఓబద్యా ఆ కుర్చీల ముందు నిలబడ్డాడు. మైకు ఆయన చేతిలో లేదు. ముప్పై ఒక్క ఏండ్లు నల్లబల్ల ముందు అరిచిన గొంతు ఉంది, అది చాలు.

“కండ్లు తెరవండి. ఆ పుట రాసినవాణ్ణి నేను. అది అబద్ధం, తెలిసి దాచినాను. మీ ఇండ్లలో ఉంటే ఈ పొద్దే చించండి. అయ్యగారూ, గోడకు చెప్పిన మాట ఈమెకు చెప్పు, మైకులో, కెమెరాలన్నీ ఆన్‌లో ఉండగా. ఆ స్టీలు పళ్ళెం తీసేయండి. అందరూ తాగే గిన్నె ఈమె చేతికియ్యండి. తర్వాత చేసుకోండి మీ ప్రార్థన. ముందు ఈ కుర్చీలు తీయండి. జరగండి. చాప వేయాల.”